సైడ్ ఇవ్వని నేరం

రోడ్డెక్కిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన మాట ‘సైడ్ ఇవ్వడం’. ముందు పోతున్నవాడు ఇవ్వాలి, వెనక వస్తున్నవాడు పుచ్చుకోవాలి. ఇవ్వకపోతే హారన్ ఆగకుండా మోగుతుంది. పట్టపగలు హెడ్‌లైట్లు వెలిగి ఆరుతాయి. బంపర్‌కు బారెడు దూరంలోకి బండి వచ్చి అంటుకుంటుంది. అప్పటికీ దారి దొరకకపోతే కట్ కొట్టి, అడ్డంగా ఆపి, తలుపు తీసుకుని దిగుతారు. దీన్ని మనం డ్రైవర్ల దురుసుతనమనీ, నగర జీవితపు ఒత్తిడి అనీ చెప్పుకుంటున్నాం. 1980ల చివర అమెరికాలో పుట్టిన ‘రోడ్ రేజ్’ అనే మాట చేతికందాక ఇదొక మానసిక సమస్యగా కూడా చలామణి అవుతోంది. నా దృష్టిలో ఇది ప్రధానంగా రాజకీయ చరిత్రకు చెందిన విషయం. దారిలో ఎవరు ముందుండాలి, ఎవరు తప్పుకోవాలి అన్న ప్రశ్నకు ఈ ఉపఖండం మోటారు రాకముందే ఒక జవాబు చెప్పుకుని ఉంది. ఆ తర్వాత వచ్చిన చట్టాలు ఆ జవాబును పెద్దగా కదిలించలేకపోయాయి.

జాతీయ రాజకీయాలను అనుసరించేవారికి ఇందులో బాగా తెలిసిన ఉదంతం పాటియాలాది. 1988 డిసెంబర్ 27న ఆ ఊరి కూడలిలో రోడ్డు మధ్యన ఒక జిప్సీ ఆగి ఉంది. అందులో ఉన్నది అప్పటికే దేశానికి తెలిసిన క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ, ఆయన మిత్రుడు. వెనక మారుతి కారులో వచ్చిన 65 ఏళ్ల పెద్దమనిషి బండి పక్కకు తీయమని అడిగారు. మాటామాటా పెరిగింది, దెబ్బ పడింది, ఆయన చనిపోయారు. 1999లో కింది కోర్టు సిద్ధూను నిర్దోషి అంది. 2006 డిసెంబర్‌లో హైకోర్టు దోషి అని మూడేళ్ల శిక్ష వేసింది. అప్పుడాయన అమృత్‌సర్ నుంచి బీజేపీ ఎంపీ. పదవికి రాజీనామా చేశారు, సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది, కొద్ది వారాల్లోనే అదే స్థానానికి జరిగిన ఉపఎన్నికలో గెలిచి వచ్చారు. 2018 మేలో సుప్రీంకోర్టు దీన్ని మామూలుగా గాయపరచిన నేరంగా మాత్రమే పరిగణించి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. అప్పటికి ఆయన పంజాబ్ కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి. తమాషా ఏమిటంటే, ఆ ప్రభుత్వపు న్యాయవాదే హైకోర్టు శిక్షను నిలబెట్టమని సుప్రీంకోర్టులో వాదించారు. మృతుడి కుటుంబం పునఃసమీక్ష కోరింది. 2022 మే 19న సుప్రీంకోర్టు ఏడాది కఠిన కారాగార శిక్ష విధించింది. దారి అడిగిన ఘటనకూ జైలు తలుపుకూ మధ్య ముప్పై మూడేళ్లు గడిచాయి. ఈలోగా పంజాబ్‌లో ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని ఎన్నికలు జరిగాయో లెక్కవేస్తే, ఏ ఎన్నికలోనూ ఆ కూడలి ఆయనకు అడ్డుపడలేదని తెలుస్తుంది.

ఆ కూడలిలో జరిగిన దానికి మోటారు చరిత్రకంటే పాత మూలం ఉంది. దాన్ని చూడాలంటే కొంత వెనక్కి, దక్షిణానికి వెళ్లాలి. తిరువితాంకూరు సంస్థానంలో 1893లో అయ్యంకాళి ఒక ఎడ్లబండి సమకూర్చుకుని, పులయ కులస్థులకు నిషిద్ధమైన రాచబాటల మీద దర్జాగా కూర్చుని నడిపించుకుంటూ వెళ్లారు. దాడులు జరిగాయి, ఆయన అనుచరులు తిరగబడ్డారు. ఆధునిక భారతదేశంలో వాహనం మీద జరిగిన తొలి రాజకీయ పోరాటాల్లో అదొకటి. సామాన్యులు నడవవలసిన నేల మీద, తలెత్తుకుని, తన వేగంతో, ఎవరికీ తప్పుకోకుండా పోవడమే అక్కడ నేరం. మూడు దశాబ్దాల తర్వాత, 1924 మార్చి 30న మొదలైన వైకం సత్యాగ్రహం కోరింది గుడిలో ప్రవేశం కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు. గాంధీ వెళ్లారు, పెరియార్ జైలు పాలయ్యారు, 1925 నవంబర్‌కు గానీ ఆ పోరాటం ముగియలేదు. ముగిసినా ఆ రోడ్లన్నీ అందరికీ తెరుచుకోలేదు.

ఆ సమాజంలో దూరానికి కచ్చితమైన కొలత ఉండేది. ఏ కులం మనిషి ఏ కులం మనిషికి ఎన్ని అడుగుల అవతల ఆగిపోవాలో లెక్కగట్టి ఉంచారు. తక్కువవాడు తానొస్తున్నట్టు కేకవేయాలి, ఎక్కువవాడి కేక వినిపిస్తే పక్క పొలంలోకి దిగాలి. మన ప్రాంతమేమీ తక్కువ తినలేదు. తెలంగాణలో దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతపట్టుకోవలసి వచ్చిన కాలం మన తాతల జ్ఞాపకంలో ఉంది. వెనక నుంచి ఆగకుండా మోగే హారన్‌లో నాకు ఆ పాత కేక వినిపిస్తుంది. లారీల వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’ అని ఆహ్వానం రాసుకునే దేశం మనది. 2015లో మహారాష్ట్ర దాన్ని నిషేధించింది. అక్షరాలు చెరిగిపోయాయేమో గాని అలవాటు చెరగలేదు.

వలస ప్రభుత్వం తెచ్చిన చట్టంలో మాత్రం కులం లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 279వ సెక్షన్ బహిరంగ మార్గంలో ప్రాణాపాయం కలిగేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా వాహనం తోలేవాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా అంది. గుర్రబ్బగ్గీల కాలపు సెక్షన్ అది. పదేళ్ల తర్వాత, 1870లో, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి రెండేళ్ల వరకు శిక్ష వేసే 304-ఎ వచ్చి చేరింది. తొలి అఖిల భారత మోటారు వాహనాల చట్టం 1914లోను, దాని స్థానంలో రెండోది 1939లోను వచ్చాయి. ఇప్పుడున్నది 1988 నాటిది. అది 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అక్షరం మీద చూస్తే ఈ చట్టాలన్నింటికీ రాజూ పేదా ఒకటే. అయితే మోటారు కారు ఈ దేశంలో తొలుత ఎవరి చేతికి చిక్కింది? సంస్థానాధీశులకు, గవర్నర్లకు, కలెక్టర్లకు, జమీందార్లకు. కారు వస్తోందంటే ప్రభుత్వమో, ప్రభువో వస్తున్నట్టు. జనం పక్కకు తప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ సీటులో మనుషులు మారారు.

కొత్త ప్రభువుల చిహ్నం ఎర్రబుగ్గ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది ఎవరెవరు ఎర్రదీపం పెట్టుకోవచ్చో తేల్చే పని కేంద్రానికీ రాష్ట్రాలకూ అప్పగించింది. ఇంకేముంది, ప్రతి రాష్ట్రంలోనూ జాబితా పెరుగుతూ పోయింది. కార్పొరేషన్ చైర్మన్లు, కమిషన్ సభ్యులు, ఎవరికి వారే అర్హులయ్యారు. 2013 డిసెంబర్ 10న అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎర్రదీపాన్ని ఉన్నత రాజ్యాంగ పదవులకు పరిమితం చేయమనీ, రకరకాల స్వరాల హారన్లు తీసేయించమనీ ఆదేశించింది. చివరకు 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం ఆ నిబంధననే తీసేయాలని నిర్ణయించింది. మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధాని కార్ల మీద కూడా బుగ్గ పోయింది. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ బుగ్గ పోయిన చోట సైరన్ వచ్చింది, అద్దం మీద ‘ఎమ్మెల్యే’, ‘పోలీస్’ స్టిక్కర్లు వచ్చాయి. మా వృత్తివారి ‘ప్రెస్’ స్టిక్కర్ అంతకు ముందే ఉంది, దాని గురించి మేమెవ్వరమూ సంపాదకీయం రాయలేదు. కాన్వాయ్‌ల వెంట తిరిగిన విలేకరులందరికీ తెలిసిన సంగతి మరొకటుంది. నాయకుడి బండికీ వెనక బండికీ మధ్య బయటివాడెవడూ దూరకూడదని, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బంపర్‌కు బంపర్ ఆనించినట్టు నడుపుతారు. వెనక అంటుకుని పోవడం అక్కడ డ్రైవర్ నైపుణ్యానికి గుర్తు. అది చూసిన కుర్రకారు సొంత బండి కొనుక్కున్నాక ఏం నేర్చుకుని ఉంటారో ఊహించవచ్చు.

ఈ అధికార స్పృహ ఎంతదాకా పోగలదో 2016 మేలో బీహార్‌లోని గయ చూపింది. ఓవర్‌టేక్ చేశారన్న కోపంతో ఒక విద్యార్థిని కాల్చి చంపాడన్న అభియోగం అధికార పార్టీ శాసనమండలి సభ్యురాలి కుమారుడి మీద వచ్చింది. 2017లో కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 2023లో పట్నా హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. హైకోర్టు మాట అది, దాన్ని గౌరవించాల్సిందే. విద్యార్థి చనిపోయాడన్న వాస్తవం మాత్రం అలాగే ఉంది.

హోదా ఒక్కటే కారణమైతే కథ సులువయ్యేది. ఏ హోదా లేని బస్సు డ్రైవర్ ఎందుకు అంత దూకుడుగా నడుపుతాడు? దానికి జవాబు ఢిల్లీలో ఉంది. 1990ల తొలి సంవత్సరాల్లో రాజధాని బస్సు మార్గాలను ప్రైవేటువారికి తెరిచారు. రెడ్‌లైన్ అన్నారు. ప్రాణాలు పోవడం మొదలయ్యాక పేరు మార్చి బ్లూలైన్ అన్నారు. ఒకే రూట్‌లో పది మంది యజమానుల బస్సులు. రోజు చివర యజమానికి కట్టవలసిన మొత్తం ముందే ఖాయం. ఆపైన మిగిలిందే డ్రైవర్‌కూ కండక్టర్‌కూ. అంటే ముందు బస్సును దాటి తర్వాతి స్టాపులో నిలబడ్డవాళ్లను ఎక్కించుకుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వెనక బస్సు ముందు బస్సుకు అంటుకుని పోవడం అక్కడ కోపం కాదు, జీతం. 1997 నవంబర్ 18న వజీరాబాద్ వద్ద పాఠశాల బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. రెండు రోజుల తర్వాత ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీలో బస్సులు, లారీలు గంటకు 40 కిలోమీటర్లు దాటరాదని, ఏ నాలుగు చక్రాల మోటారు వాహనాన్నీ ఓవర్‌టేక్ చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఒక దేశ అత్యున్నత న్యాయస్థానం ఓవర్‌టేక్ చేయడాన్నే నిషేధించవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆ ఉత్తర్వు డ్రైవర్‌కు డబ్బులొచ్చే పద్ధతిని ముట్టుకోలేదు. బ్లూలైన్ మరో పదేళ్లకు పైగా మనుషులను తొక్కుతూనే తిరిగి, 2010 కామన్వెల్త్ క్రీడల వేళ నుంచి తెరమరుగైంది.

మన దగ్గర ఆర్టీసీ పట్ల ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క విషయంలో దాని విలువ గుర్తించాలి. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణాలో డ్రైవర్ నెలజీతగాడు. ముందు బస్సును దాటితే అతని జేబులోకి అదనంగా వచ్చేదేమీ లేదు. షేర్ ఆటో నడిపేవాడికి ఆ భరోసా లేదు, అతని నడక చూస్తే తేడా తెలిసిపోతుంది. ఈ మధ్య పది నిమిషాల్లో సరుకు తెచ్చే కుర్రాళ్ల నడకలోనూ అదే తొందర.

ఢిల్లీలో కోర్టు చేసిన పని ఢాకాలో బడిపిల్లలు చేశారు. 2018 జూలై 29న విమానాశ్రయ రహదారి మీద ఒకే సంస్థకు చెందిన బస్సులు ప్రయాణికుల కోసం పోటీపడుతూ, రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరు విద్యార్థులను చంపాయి. బస్సు కార్మికుల సమాఖ్యకు కూడా నాయకుడైన మంత్రి షాజహాన్ ఖాన్‌ను విలేకరులు అడిగితే, ఆయన నవ్వుతూ, మహారాష్ట్రలో బస్సు లోయలో పడి 33 మంది చనిపోతే అక్కడ ఇంత గోల చేశారా అన్న ధోరణిలో మాట్లాడారు. మన నిర్లిప్తత పొరుగు దేశపు మంత్రికి ఆదర్శమైంది! ఆ నవ్వు మంట రేపింది. యూనిఫాంలో ఉన్న పిల్లలు రోడ్ల మీదికొచ్చి లైసెన్సులు తనిఖీ చేశారు, అంబులెన్సులకు వేరే వరస ఏర్పరిచారు, రాంగ్ రూట్‌లో వచ్చిన మంత్రి కారును వెనక్కి తిప్పారు. పోలీసు బండ్లకు సైతం కాగితాలు లేవని తేలింది. ప్రభుత్వం ఒకవైపు పిల్లలను అణచివేసి, మరోవైపు ఆ సెప్టెంబర్‌లోనే నిర్లక్ష్యపు మరణానికి అయిదేళ్ల వరకు శిక్ష విధించే కొత్త చట్టం తెచ్చింది. 2019 నవంబర్‌లో దాన్ని అమల్లో పెట్టగానే రవాణా కార్మికులు సమ్మెకు దిగారు, ప్రభుత్వం కొన్ని అంశాల్లో మెత్తబడింది.

ఇక దూరం సంగతి. 1989లో మన రోడ్డు నియమాల్లో 23వది, ముందు బండి అకస్మాత్తుగా నెమ్మదించినా ఆగినా ఢీకొనకుండా ఉండేంత దూరం వెనకవాడు పాటించాలంది. ఎంత దూరం? ‘తగినంత’. మనిషికీ మనిషికీ మధ్య అడుగులు లెక్కపెట్టి చెప్పిన దేశం బండికీ బండికీ మధ్య అంకె వేయలేదు. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా మూలసూత్రం అదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఆ దూరం కరిగిపోతుంది. జర్మనీలో స్పీడోమీటర్ అంకెలో సగాన్ని మీటర్లుగా తీసుకుంటారు. వంద వేగానికి 50 మీటర్లు, తగ్గినకొద్దీ జరిమానా పెరుగుతుంది. మన దగ్గర ఆ లెక్క ప్రమాదం జరిగాక, నష్టపరిహారం కేసులో, న్యాయమూర్తి చేస్తారు. 2018లో నిషాన్ సింగ్ కేసులో లారీకీ కారుకూ మధ్య 10-15 అడుగులే ఉందనీ, అది సురక్షితమైన దూరం కాదనీ సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. దేశంలో రోడ్డు ప్రమాదాల్లో అయిదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దినవే అని కేంద్ర రవాణా శాఖ నివేదికలు ఏటా చెబుతున్నాయి. 2022లో మొత్తం 1,68,491 మంది చనిపోయారు. వారిలో పాదచారులు 32,825 మంది. వారిని తప్పుకోమన్న హారన్ మోగి ఉంటుందో లేదో ఏ నివేదికలోనూ ఉండదు.

వెనకవాడు అంటుకుని వస్తుంటే ముందువాడు చేయగలిగింది ఏమిటి? బుద్ధి చెబుదామని బ్రేకు నొక్కేవాళ్లను చూస్తుంటాం. అది చట్టానికీ విరుద్ధమే. 1989 నియమాల్లో 24వది భద్రతకు అవసరమైతే తప్ప హఠాత్తుగా బ్రేకు వేయరాదంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కోయంబత్తూరు కేసులో ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది. హైవే మీద కారు హెచ్చరిక లేకుండా ఆగింది, వెనక మోటార్‌సైకిల్ మీద వస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థి గుద్ది కిందపడ్డాడు, ఆ వెనక బస్సు అతని కాలు మీదుగా పోయింది. కాలు తీసేయవలసి వచ్చింది. కారు డ్రైవర్ బాధ్యత 50 శాతం, బస్సుది 30, దూరం పాటించని విద్యార్థిది 20 అని కోర్టు పంచింది. పరిహారం సుమారు 91 లక్షలు. కాబట్టి ముందువాడికి మిగిలేది నెమ్మదిగా వేగం తగ్గించి, సిగ్నల్ వేసి, ఎడమకు జరిగి పోనివ్వడం. బండి దిగకపోవడం, అద్దం దించకపోవడం, వెంబడిస్తుంటే ఇంటివైపు పోకుండా జనం ఉన్న చోటికో స్టేషన్‌కో పోయి 112కు ఫోన్ చేయడం. నేనూ అదే చేస్తాను, అందరికీ అదే చెబుతాను. చెబుతున్నంతసేపూ, పొలంలోకి దిగి నిలబడ్డ పాత మనిషి గుర్తొస్తూనే ఉంటాడు.

2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర డ్రైవింగ్‌కు జరిమానాను వెయ్యి నుంచి అయిదు వేల దాకా పెంచింది. ఏవి ప్రమాదకరమో 184వ సెక్షన్ కింద పేర్కొంది. ఎర్రలైటు దాటడం, ఫోన్ పట్టుకోవడం, అక్రమంగా ఓవర్‌టేక్ చేయడం, ఎదురు దిశలో రావడం. వెనక అంటుకుని రావడం పేరుపెట్టి అందులో లేదు, ‘సమర్థుడైన డ్రైవర్ చేయని పని’ అనే చివరి సంచిలో దాన్ని వెతుక్కోవాలి. ఆ సెప్టెంబర్‌లోనే ప్రధాని సొంత రాష్ట్రమైన గుజరాత్ పెంచిన జరిమానాల్లో చాలావాటిని తగ్గించింది. మరికొన్ని రాష్ట్రాలు, పార్టీ భేదం లేకుండా, అదే దారి పట్టాయి.

పెద్ద పరీక్ష 2024 జనవరిలో వచ్చింది. కొత్త భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్, ప్రాణం తీసి చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల వరకు శిక్ష అంది. లారీ డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల వరసలు చూశాం. ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్లు జైలు అన్న వారి వాదనలో నిజం ఉంది. ఏ ప్రమాదంలోనైనా పెద్ద బండివాడిదే తప్పు అనే మన వీధి న్యాయం వారికి అనుభవమే. జనవరి 2 రాత్రి కేంద్రం వెనక్కి తగ్గి, సంప్రదించాకే అమలు చేస్తామంది. జూలై 1న న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. అదే సంహితలో మామూలుగా గాయపరచినందుకు జరిమానా వెయ్యి నుంచి పదివేలకు పెరిగింది. దుడుకు డ్రైవింగ్ సెక్షన్ 279 నుంచి 281కి మారింది. అందులో శిక్ష 1860లో ఉన్నట్టే ఆరు నెలలు, జరిమానా వెయ్యి రూపాయలు.